ఇల్లూ ఏలుబడీ: ఇంగ్లీషు అధికార పదాల అర్థచరిత్ర

ఇంగ్లీషులో ఇంటిని, ఏలికను, అధికారాన్ని చెప్పే మాటల్లో చాలా భాగం ఒకదానికొకటి చుట్టాలు. ఆ చుట్టరికం ఇప్పుడు పైకి కనిపించదు. లార్డ్ అంటే రొట్టె, డామినియన్ అంటే ఇల్లు, కానిస్టేబుల్ అంటే గుర్రపుసాల ఎవరికీ గుర్తుకు రావు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసానికి, తెలుగు మాటను ప్రేమించేవారు కూడిన సభకు ఈ విషయం తగినదే. బ్రౌన్ కుంఫిణీ కొలువులో అధికారి. తెలుగు మాటకు ఇంగ్లీషులో, ఇంగ్లీషు మాటకు తెలుగులో అర్థం చెప్పడానికి జీవితం ధారపోసినవారు. 1820లో కడప చేరి, అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలు ఎత్తి రాయించారు. ఒక అధికారి ఇల్లు తెలుగు పుస్తకానికి ఆశ్రయమైంది. ఆ ఊరి పేరు పుట్టిందే గడప నుంచి అని వాడుక. ఇల్లు, అధికారం అన్న రెండు మాటలూ ఒకే గడప దగ్గర కలుసుకున్న ఉదాహరణ తెలుగుదేశంలో ఇంతకన్నా దగ్గరగా దొరకదు.

హోం అన్న మాటతో మొదలుపెట్టాలి. పాత ఇంగ్లీషులో దాని రూపం హామ్. అప్పుడు దానికి నాలుగు గోడల ఇల్లు అనే అర్థం కన్నా, మనుషులు కుదురుకున్న చోటు, పల్లె అనే అర్థమే ముందు. బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ వంటి ఊరిపేర్ల చివర ఉన్నది ఆ హామే. గోడలూ కప్పూ ఉన్న కట్టడానికి హౌస్ అనే వేరే మాట ఉండేది. అందుకే ఇంగ్లీషులో హౌస్ కొనవచ్చు, అమ్మవచ్చు. హోం మాత్రం మనిషికీ చోటుకీ మధ్య ఉన్న సంబంధం పేరు. తెలుగులో ఈ రెంటినీ ఇల్లు అనే ఒక్క మాటే మోస్తుంది. "ఇల్లు కట్టాడు" అన్నప్పుడు ఇటుకలు, "ఇల్లు నిలబెట్టింది" అన్నప్పుడు మనుషులు. అర్థభేదాన్ని నామవాచకం కాదు, పక్కనున్న క్రియ చూసుకుంటుంది.

ఇంటి నుంచి ఏలుబడికి వెళ్ళిన దారి లార్డ్ అన్న మాటలో స్పష్టంగా తెలుస్తుంది. దాని పాత రూపం హ్లాఫ్‌వేర్డ్. హ్లాఫ్ అంటే రొట్టె, ఇవాళ్టి లోఫ్. వేర్డ్ అంటే కాపలా కాసేవాడు. రొట్టెకు కాపు ఉన్నవాడు లార్డ్. లేడీ పాత రూపం హ్లాఫ్‌డీగె, రొట్టెపిండి పిసికే మనిషి. వారిని నమ్ముకుని బతికే పనివాడికి హ్లాఫ్ఆటా అని పేరు, అంటే రొట్టె తినేవాడు. ఇంటి గాదెకు ఒకరు కావలి, పొయ్యి దగ్గర ఒకరు, పంక్తిలో కూర్చున్నవారు కొందరు: ఇంగ్లండులో అధికార సోపానం మొదట వంటిల్లు చుట్టూ ఏర్పడిందని ఈ మూడు మాటలే సాక్ష్యం. ఇక్కడ అధికారమంటే తిండి పెట్టే బాధ్యత. పెట్టేవాడి చేతిలోనే ఆపే శక్తి కూడా ఉంటుందన్నది అందులోనే దాగిన రెండో సత్యం.

హస్బెండ్ స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. హూస్ అంటే ఇల్లు, బోండి అంటే నేల మీద కుదురుకుని సాగు చేసుకునేవాడు. ఇల్లూ సాగూ ఉన్న గృహస్థు అని మొదటి అర్థం. పెళ్ళాం ఉన్నవాడు అనేది తరువాత వచ్చింది. సేద్యానికి హస్బెండ్రీ అన్న పేరు నేటికీ మిగిలింది. ఈ మాటకు తెలుగు నిఘంటువు భర్త, మగడు, పెనిమిటి అని అర్థాలిస్తుంది. అవి సరైనవే. కాని దాని చరిత్రకు సరిసాటి మాట తెలుగులో మరొకటి ఉంది, అది కాపు. కాచు ధాతువు నుంచి పుట్టిన కాపుకు కాపలా ఒక అర్థం, సేద్యగాడు ఇంకొకటి, ఊళ్ళో నివసించేవాడు మరొకటి. అదే కుదురు నుంచి కాపురం వచ్చింది. అమ్మాయి కాపురానికి వెళ్ళిందన్నప్పుడు అది సంసారం. రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు లేఖరి "ఫలానా గ్రామ కాపురస్తులు" అని రాసినప్పుడు అది నివాసం. కావలి, సేద్యం, నివాసం, సంసారం: ఇంగ్లీషు లార్డ్, హస్బెండ్ అనే రెండు మాటల మధ్య పంచిన అర్థాలన్నీ తెలుగులో ఒక్క కుదురులోనే ఉన్నాయి.

ఏలు అనే క్రియది ఇంకా లోతైన కథ. ఏలిక అంటే రాజు, ఏలుబడి అంటే రాజ్యపాలన. అదే క్రియ ఇంట్లోకి వస్తే మగడు పెళ్ళాన్ని "ఏలుకోవడం" అవుతుంది. పుట్టింట్లో వదిలేసిన ఆడపిల్ల గురించి "మగడు ఏలుకోవడం లేదు" అని చెప్పుకుంటారు. పంచాయితీల్లో పెద్దమనుషులు మగవాడిని అడిగే మొదటి ప్రశ్న కూడా ఏలుకుంటావా లేదా అనే. రాజు ప్రజకు, మగడు ఆలికి ఒకే క్రియ చెల్లింది. రెండు చోట్లా పోషణ ఉంది, రెండు చోట్లా లోబడి ఉండడమూ ఉంది. ఇంటి మాట అధికారపు మాటగా మారినప్పుడు ఏమవుతుందో ఆ ఒక్క క్రియను పట్టి చూసినా తెలుస్తుంది.

లాటిను వైపు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటల గుంపు ఇంతకన్నా పెద్దది. డోమస్ అంటే ఇల్లు. ఇంటి యజమాని డోమినస్, ఇల్లాలు డోమినా. డొమెస్టిక్, డొమిసైల్, డొమైన్, డామినేట్, డామినియన్, మేడమ్ అన్నీ ఆ ఇంటి బిడ్డలే. రోమన్ ఇంట్లో డోమినస్ అంటే బానిసలకు యజమాని కూడా. ఫామిలియా అన్న మాట ఇంటి దాసదాసీల సమూహాన్ని చెప్పేది. ఫ్యామిలీ అని ఇవాళ ముద్దుగా పలికే మాటకు మూలం అదే. అందుకే ఆగస్టస్ చక్రవర్తి తనను డోమినస్ అని పిలవడానికి ఒప్పుకోలేదు. అలా పిలిపించుకుంటే పౌరులందరూ ఇంటి బానిసలతో సమానమవుతారు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత డయొక్లీషన్ కాలానికి చక్రవర్తికి ఆ పిలుపే మామూలైంది.

డేంజర్ కూడా ఈ ఇంట్లో పుట్టిందే. ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ మాటకు మొదటి అర్థం ప్రభువు అధికారం, అతని చేతికింద ఉండడం. ఒకరి డేంజర్‌లో ఉండడమంటే ఒకరి గుప్పిట్లో ఉండడం. అతను శిక్షించవచ్చు, నష్టం చేయవచ్చు. ఆ భయమే కాలక్రమంలో మాటకు అసలు అర్థమైపోయింది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు కంచెకు కట్టిన ఎర్ర రేకు మీద, పుర్రె బొమ్మ కింద ఉన్న డేంజర్‌లో ఒకనాటి యజమాని ఇల్లుంది.

డోమస్‌కు సంస్కృతంలో తోబుట్టువు ఉంది. వేదభాషలో దమ అంటే ఇల్లు, దంపతి అంటే ఇంటికి అధిపతి. ద్వివచనంలో అదే ఆలుమగలిద్దరినీ చెప్పింది. గ్రీకులో ఇదే సమాసం దెస్పోతేస్ అయింది, ఇంగ్లీషులో డెస్పాట్ అయింది. పెళ్ళిపీటల మీద అక్షతలు వేసి నూతన దంపతులని దీవించే మాట, నిరంకుశుణ్ణి తిట్టే మాట ఒకే తల్లి బిడ్డలు. భారతదేశంలో ఆ మాట ఇద్దరికీ పంచి ఇచ్చే దిశగా నడిచింది, ఐరోపాలో ఒక్కడి చేతిలో బిగిసింది. ఇక్కడి ఇళ్ళలో నిజంగా సమానత ఉండేదని దీన్నిబట్టి అనుకోకూడదు. మాట నడక వేరు, మనుషుల నడక వేరు.

రాజు ఇల్లు పెరిగి రాజ్యమైనప్పుడు ఇంటి నౌకర్లు రాజోద్యోగులయ్యారు. పెద్దసావడికి కావలివాడు స్టూవర్డ్. స్కాట్లండు, ఇంగ్లండు సింహాసనాలెక్కిన స్టూవర్ట్ వంశానికి ఇంటిపేరు ఆ ఉద్యోగమే. గుర్రాల పనివాడు మార్షల్, గుర్రపుసాల అధికారి కానిస్టేబుల్, పడకగది చూసేవాడు చేంబర్లేన్. మినిస్టర్ అంటే లాటినులో సేవకుడు. కోర్టు మొదట ప్రాకారం కట్టిన పెరడు. విజయనగర కొలువులో రాజుకు తాంబూలం అందించే అడపంవారికి పలుకుబడి దక్కడం ఇలాంటిదే. 1859 చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసు దళం ఏర్పడినప్పుడు కానిస్టేబుల్ అనే పేరు తెలుగు పల్లెలకు వచ్చింది. పల్లెలో ఆ మాటకు గుర్రంతో గాని సాలతో గాని సంబంధం లేదు. అది లాఠీ, టోపీ.

అధికార పదాలన్నీ ఇంట్లోనే పుట్టాయని మాత్రం చెప్పకూడదు. గవర్న్ అన్నది ఓడ చుక్కాని పట్టే పని నుంచి వచ్చింది. రూల్ వడ్రంగి కొట్టంలోది. లాటిను రెగులా అంటే తిన్నని కర్ర. క్రైస్తవ మఠాల్లో సన్యాసుల దినచర్యను నియమించే గ్రంథానికి ఆ పేరు పెట్టారు, అక్కడినుంచి నియమం అనే అర్థం స్థిరపడింది. దాని మూలధాతువు రెగెరె, తిన్నగా నడిపించడం. సంస్కృత రాజ, ఋజు శబ్దాలు ఆ ధాతువుకు బంధువులు. తెలుగువారు ఈ మాటను దాని అసలు రూపంతోనే ఇంటికి తెచ్చుకున్నారు: బడిలో పంతులుగారి బల్ల మీది రూళ్ళకర్ర. దానితో కాగితం మీద గీత గీస్తారు, గీత తప్పిన పిల్లవాడి అరచేతి మీద అదే కర్ర పడుతుంది. కొలత, నియమం, శిక్ష మూడూ అర మూర చెక్కలో ఉన్నాయి. చట్టం అన్న తెలుగు మాటదీ ఇదే దారి. వడ్రంగి వాడుకలో చట్టం అంటే తలుపుకో పటానికో బిగించే చెక్క చట్రం. కచేరీలో అది శాసనం. ఇంగ్లీషు రూల్‌లో నియమం, ఏలుబడి రెండూ కలిసి ఉండగా తెలుగు వాటిని రూలు, ఏలుబడి అని విడదీసి పెట్టుకుంది. "రూలు ప్రకారం" అన్నప్పుడు ఏలేవాడు కూడా ఆ గీత లోపలే ఉండాలన్న ధ్వని వినబడుతుంది. ఈ విడదీతలో తెలుగుకే మేలు జరిగింది.

అథారిటీకి మూలం ఔగెరె అనే లాటిను క్రియ, పెంచడం అని అర్థం. ఓజస్సు అన్న సంస్కృత పదం దాని జ్ఞాతి. రోములో దండించే శక్తికి పొటెస్టాస్ అని, మాటకు ఉన్న బరువుకు ఆక్టోరిటాస్ అని వేరు పేర్లుండేవి. అధికారులది పొటెస్టాస్, సెనేటు పెద్దలది ఆక్టోరిటాస్. తన పొటెస్టాస్ తోటి అధికారులకన్నా ఎక్కువ కాదని, ఆక్టోరిటాస్‌లో మాత్రం అందరినీ మించానని ఆగస్టస్ తన శాసనంలో చెప్పుకున్నాడు. తెలుగులో ఈ తేడాకు దగ్గర మాటలు పెద్దరికం, పెత్తనం. పెద్దతనం కుదించుకుని పెత్తనమైంది. వయసు వల్ల, నడవడి వల్ల వచ్చేది పెద్దరికం. అది తనకు తానుగా నెత్తికెత్తుకుంటే పెత్తనం. పెద్దరికానికి జనం తలవంచుతారు, పెత్తనానికి తలవంచవలసి వస్తుంది. రోమన్లు రెండు పేర్లతో చెప్పిన తేడాను తెలుగు ఒకే మాట రెండు రూపాలతో చెప్పింది.

ఇంటి పెద్ద పెత్తనమూ రాజు ఏలుబడీ ఒకటేనా అన్న ప్రశ్నను మొదట గట్టిగా వేసినవాడు అరిస్టాటిల్. ఇంటి యజమాని, బానిసల యజమాని, రాజు, పౌరనాయకుడు వీరి మధ్య తేడా సంఖ్యలోనే తప్ప స్వభావంలో లేదనేవారిది పొరపాటని ఆయన పాలిటిక్స్ గ్రంథం మొదట్లోనే చెప్పాడు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఈ తగువు మళ్ళీ లేచింది. రాజుకు అధికారం తండ్రి అధికారం నుంచి వచ్చిందని, ఆదాము నుంచి అది వంశపారంపర్యమని రాబర్ట్ ఫిల్మర్ వాదించాడు. ఆ గ్రంథం అతను పోయాక 1680లో అచ్చయింది. జాన్ లాక్ 1689లో వెలువడిన రెండు ప్రకరణాల్లో దాన్ని ఖండించాడు. తండ్రి అధికారం బిడ్డ ఎదిగేదాకానే. ఎదిగిన మనుషుల మీద ప్రభుత్వానికి అధికారం రావాలంటే వారి సమ్మతి కావాలి. దీనికి ముందే, 1604లో సెమేన్ వ్యాజ్యంలో, ఎవరి ఇల్లు వారికి కోట అన్న సూత్రాన్ని ఎడ్వర్డ్ కోక్ నమోదు చేశాడు. రాజు బంటైనా తలుపు తట్టి, వచ్చిన పని చెప్పాలి. అధికారానికి మూలమనుకున్న ఇల్లే అధికారానికి హద్దుగా నిలబడింది. ఇంగ్లీషు రాజకీయ భాషలో ఇది అతి పెద్ద మలుపు.

ఈ మలుపు తిరిగిన భాష భారతదేశానికి అధికార భాషగా వచ్చినప్పుడు మాత్రం పాత అర్థంతోనే వచ్చింది. ఇంగ్లండులో పనికిరాదని తేల్చిన ఇంటిపెద్ద వాదం ఇక్కడ రాజనీతి అయింది. కలెక్టరుకు పెట్టుకునే అర్జీల్లో రైతు దొరవారిని తల్లి, తండ్రి అని సంబోధించేవాడు. ప్రభుత్వాన్ని తెలుగు రాతల్లో దొరతనమువారు అనేవారు. తల్లిదండ్రులను బిడ్డ ఎన్నుకోడు, దింపడు. ఆ సంబోధనలో ఎంత దీనత్వముందో, ఎదగనివ్వకపోవడమూ అంత ఉంది.

హోం అన్న మాటకు ఇక్కడ మరో వింత అర్థం పట్టింది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ కోశం ఆ మాటను ప్రత్యేకంగా ఎక్కించి, ఇండియాలోని ఇంగ్లీషువారి నోట దానికి అర్థం ఇంగ్లండు అని తేల్చింది. లండన్‌లోని ప్రభుత్వం హోం గవర్నమెంటు. అక్కడ ఇండియా పేరిట అయ్యే ఖర్చులు హోం ఛార్జీలు: అప్పుల మీద వడ్డీలు, రైల్వే వడ్డీల పూచీ, పింఛన్లు, ఇండియా ఆఫీసు నిర్వహణ. ఇండియా మంత్రి జీతం సైతం 1919 చట్టం వచ్చేదాకా ఇక్కడి రాబడి నుంచే వెళ్ళేది. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు వాదంలో ఈ పద్దు ముఖ్యమైన అంశం. కట్టేవాడి ఇల్లు ఇక్కడ, ఖర్చు పద్దులో ఇల్లు అక్కడ. గోదావరి డెల్టాలో శిస్తు చెల్లించిన రైతు తనది కాని ఇంటి ఖర్చు మోశాడు.

ఆ మాటను తిప్పికొట్టే పని మొదట ఐర్లండులో జరిగింది. ఐజాక్ బట్ 1870లో ఆరంభించిన ఉద్యమానికి హోం రూల్ అన్న పేరు స్థిరపడింది. బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ 1886లో, 1893లో తెచ్చిన బిల్లులు ఓడిపోయాయి. మూడోది 1914లో చట్టమైనా ప్రపంచ యుద్ధం పేరుతో ఆగిపోయింది. భారతదేశంలో 1916 ఏప్రిల్‌లో తిలక్, సెప్టెంబరులో మద్రాసు నుంచి అనీబిసెంట్ వేర్వేరుగా హోం రూల్ లీగులు పెట్టారు. బిసెంట్ ఐరిష్ రక్తం గల మనిషి కావడం ఇక్కడ గమనించదగ్గది. తెలుగునాట గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు ఆ ఉద్యమానికి పనిచేశారు. 1915లో బిసెంట్ కళాశాల వెలసిన మదనపల్లె అంతకు నాలుగేళ్ళ ముందుదాకా కడప జిల్లాలోనిదే. 1917 జూన్‌లో ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. ఆగస్టు 20న ఇండియా మంత్రి మాంటేగు బాధ్యతాయుత ప్రభుత్వాన్ని లక్ష్యంగా ప్రకటించాడు. ఆ డిసెంబరులో ఆమె కాంగ్రెసు అధ్యక్షురాలైంది.

తెలుగు ఆ మాటను ఎలా తీసుకుందన్నది అంతకన్నా ముఖ్యం. హోంరూలు అని ఉన్నదున్నట్టు రాశారు. స్వపరిపాలన అని, స్వరాజ్యమని అనువదించారు. ఇంటిపాలన అన్న మాట నిలబడలేదు. హోం స్థానంలో ఇల్లు రాలేదు, స్వ వచ్చింది. ఐరిష్ మాటలో సామ్రాజ్యమనే పెద్దింట్లో ఒక గది అడిగే వినయం ఉంది. స్వరాజ్యంలో గది ప్రసక్తి లేదు. గాడిచర్ల 1908లోనే బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపి జైలుకు వెళ్ళివచ్చారు. కనుక హోంరూలు వచ్చేనాటికే దానికన్నా పెద్ద మాట తెలుగులో సిద్ధంగా ఉంది. అనువాదం మూలాన్ని దాటిపోయిన సందర్భాల్లో ఇదొకటి.

డామినియన్ మీద నడిచిన తర్జనభర్జన కూడా ఇలాంటిదే. 1928 నెహ్రూ నివేదిక డామినియన్ స్టేటస్ అడిగింది. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు పూర్ణ స్వరాజ్యమంది. తెలుగు పాఠ్యగ్రంథాలు డామినియన్ స్టేటస్‌ను అధినివేశ ప్రతిపత్తి అన్నాయి. నివేశం అంటే ఇల్లు, కుదురుకున్న చోటు. ఇళ్ళ జాగాను దస్తావేజుల్లో నివేశన స్థలం అంటారు. డోమస్ ఉన్న మాటకు నివేశం ఉన్న మాట పడింది. 1947లో రెండు డామినియన్లు ఏర్పడ్డాయి, 1950 జనవరి 26తో భారతదేశానికి ఆ పేరు తీరింది.

హోం శాఖ మాత్రం మిగిలింది. 1782లో లండన్‌లో రాజ్య వ్యవహారాలను స్వదేశం, విదేశం అని రెండుగా పంచినప్పుడు పుట్టిన పేరది. స్వతంత్ర భారతం దాన్ని అలాగే ఉంచుకుంది. దేశ వ్యవహారాలన్నీ అని ఒకప్పటి అర్థం. తెలుగు చెవికి హోంమంత్రి అంటే పోలీసులు, జైళ్ళు. హోంగార్డు అంటే ఖాకీ. ఇల్లు అన్న మాటకు ఉన్న వెచ్చదనం ఈ హోంలో ఏ కోశానా లేదు. ఇల్లు అని తెలుగులో, హోం అని ఇంగ్లీషులో రెండూ వాడే సమాజం, ఇంగ్లీషు మాటను లాఠీకి, తెలుగు మాటను వంటింటికి కేటాయించుకుంది.

హైదరాబాదు సంస్థానంలో ఇంటికీ అధికారానికీ మధ్య తగువు అరబ్బీ మాటతో నడిచింది. ముల్క్ అంటే దేశం, రాజ్యం. అదే ధాతువు నుంచి మాలిక్, యజమాని. ఆ ముల్కుకు చెందినవాడు ముల్కీ. 1919 ఫర్మానాతో వచ్చిన నియమాలు సర్కారు కొలువుకు పదిహేనేళ్ళ నివాసం కోరాయి. ఇంగ్లీషు చట్టం దాన్నే డొమిసైల్ అంటుంది. ఇంటిని తెలిపే మాట కొలువును, అంటే అధికారంలో వాటాను నిర్ణయించింది. 1952లో, 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చింది ఆ మాట కోసమే. 1973 సవరణతో రాజ్యాంగంలో చేరిన 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దాన్ని స్థానికత చేసింది. ఏ తరగతి ఎక్కడ చదివావో చూపమని అడిగే స్టడీ సర్టిఫికెట్టులో ఇవాళ ఇల్లు అన్నది ఒక కాలమ్. అందులో పూరించే ఊరి పేరును బట్టి ఉద్యోగం దక్కుతుంది, లేదా దక్కదు.

ఇక అధికారం అన్న మాట సంగతి: 1966లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టంతో తెలుగు అఫీషియల్ లాంగ్వేజ్ అయింది. ఆఫీస్‌కు మూలమైన లాటిను ఆఫీషియం అంటే కర్తవ్యం, సేవ. తెలుగులో దాన్ని అధికార భాష అన్నారు. మూలంలో లేని బరువు అనువాదంలో వచ్చి చేరింది. అయితే శాస్త్రగ్రంథాల్లో అధికారం అంటే దండశక్తి కాదు, అర్హత. వేదాంతంలో అధికారి అంటే ఆ విద్యకు తగిన సాధన చేసినవాడు. ఆ అర్థంలోనైతే అధికార భాష అన్నది చక్కటి పేరే. కచేరీలో అర్జీకి జవాబు తెలుగులో వచ్చిన రోజు ఏ అర్థం నిజమో తెలుస్తుంది.

బ్రౌన్ జీవితంలో ఈ మాటలన్నీ ఒకచోట కూడాయి. 1798లో కలకత్తాలో పుట్టారు. ఉద్యోగులు సెలవు పెట్టి హోం వెళ్ళడమంటే ఆయనకూ ఇంగ్లండే, తాను పుట్టని దేశం. కడప ఇంట్లో పండితులకు జీతాలిచ్చి అప్పులపాలయ్యారు. వేమన పద్యాలను 1829లో, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లో అచ్చు వేశారు. చివరికి హోం చేరి, లండన్‌లో తెలుగు బోధించి, 1884లో అక్కడే కన్నుమూశారు. కడపలో ఆయన నివసించిన చోట ఇప్పుడున్నది గ్రంథాలయం. దాన్ని ఆ ఊరివాళ్ళు బ్రౌన్ గ్రంథాలయం అంటారు.